ఎంగిలాకుల లెక్క

జమ్మలమడుగు,
ఫిబ్రవరి 12.

ఈశ్వరమ్మ వదినకు,

రాధ నమస్కరించి రాసేది. మేమంతా క్షేమం అని రాయడం ఆనవాయితీ గనక రాశాను. నిజానికి క్షేమం లేదు.

ఫోను చేద్దామనే అనుకున్నాను. కానీ ఫోనులో నేను చెప్పేది మీకు వినపడదు, మీరు చెప్పేది మా వీధి మొత్తానికీ వినపడుతుంది. ఇది వీధికి వినపడవలసిన సంగతి కాదు. అందుకే ఉత్తరం.

మీ తమ్ముడు సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి మనిషి మనిషిలో లేరు. చెంబులు చెంబులు నీళ్లు తాగుతారు, ఆ నీళ్లు వదలడానికి పెరట్లోకీ ఇంట్లోకీ తిరుగుతారు. రెండో వ్యవహారం మాత్రం ఏకాదశికో ద్వాదశికో. అన్నం సయించదు. మోకాళ్లు నొప్పులంటారు, కడుపులో మంటంటారు, కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తారు. పెళ్లయిన నాటి నుంచి నన్ను ఒక్క మాట పూర్తిగా చెప్పనివ్వని మనిషి, ఇప్పుడు నేను భారతమంతా చెప్పినా "ఊఁ" అని ఊరుకుంటున్నారు. మొదటి వారం నాకు హాయిగానే ఉండింది. తర్వాత భయం పట్టుకుంది.

అసలు సంగతి ఇది. పోయిన గురువారం పెద్దముడియంలో ఆదినారాయణ రెడ్డి కొత్తింటి గృహప్రవేశం. ఆయన భార్య రమణమ్మ పొయ్యి మీద పాలు పెట్టింది. చుట్టాలంతా చుట్టూ నిలబడ్డారు. మీ తమ్ముడు ఆ కంచుగొంతు ఎత్తి సంకల్పం మొదలుపెట్టారు. అది తద్దినం సంకల్పం! జంధ్యం కుడి భుజం మీదికి కూడా మార్చేశారట. ఆదినారాయణ రెడ్డి పోయిన నెలలోనే తండ్రి తద్దినం పెట్టాడు గనక ఆ మాటలు ఇంకా చెవిలోనే ఉన్నాయి. "సామీ, సామీ! పాలు పొంగిస్తాండామా, పిండాలు పెడతాండామా?" అని గట్టిగా అరిచాడట. రమణమ్మ పాలగిన్నె అక్కడే వదిలి వీధిలోకి పరుగు. పాలు పొంగాయి కానీ చూసినవాళ్లు లేరు.

ఆ ఇంటికి తాళమేసి మొగుడూ పెళ్లాం పాత రేకుల కొట్టంలోనే పడుకుంటున్నారు. నిన్న ఆదినారాయణ రెడ్డి మా ఇంటికొచ్చాడు. వేరే అయ్యవారిని పిలిచి శాంతి చేయించుకో నాయనా అన్నాను. "వేరే అయ్యవారు ఎందుకమ్మా? ఏ నోటితో అన్నాడో ఆ నోటితోనే ఆ దోషం మాపల్ల. అంతవరకూ మేం ఆ గడప తొక్కేది లేదు," అన్నాడు. ఈయనేమో ఆయన ముందే, "ఎవరింటికి రెడ్డీ? ఏం కార్యం?" అని అడిగారు. నాకు నేలలోకి కుంగిపోవాలనిపించింది.

ఎవరి దిష్టో తగిలిందని నా అనుమానం. మీరు పెద్దవారు. ఏం చేయమంటారు?

మీ మరదలు,
రాధ

---

పులివెందుల,
ఫిబ్రవరి 20.

చి. సౌ. రాధకు, ఆశీస్సులు.

దిష్టి అంటావేమిటే? దిష్టి తగిలేటంత అందం మా గురునాథానికి ఎప్పుడేడ్చింది? వాడి తోడబుట్టినదాన్ని గనక నేననొచ్చు, నువ్వనకు.

వాడికి ఒంట్లో సత్తువ లేదు. ఇన్నేళ్లుగా పీట మీద మఠం వేసుకుని కూర్చున్న మోకాళ్లు అవి. నువ్వు కాచే చారునీళ్లతో ఆ ఎముకలకు ఏమొస్తుంది? ఎముకకు కావలసింది కాల్షియం. నేను ముప్పై ఏళ్లు ఏడో తరగతికి ఆ పాఠం చెప్పాను. వెనక బెంచీలో నిద్రపోయే వెధవలక్కూడా అది వచ్చేది. రాత్రి పడుకునే ముందు పాలు పట్టించు. ఒక గ్లాసు కాదు, రెండు. పొద్దున రాగి జావ. మనసు కుదుటపడాలంటే భోజనమయ్యాక తాంబూలం మాన్పించకు. వాడికున్న ఒక్క సరదా అది.

మధ్యాహ్నం ముద్దనూరు మీదుగా వచ్చే బస్సులో మా పక్కతోట చీనీకాయల సంచి పంపిస్తున్నాను. సంచి అడుగున గుడ్డలో కట్టింది వాడికి. వాడి చేతికే ఇవ్వు. నువ్వు విప్పి చూడక్కర్లేదు. అక్కాతమ్ముళ్ల మధ్య సవాలక్ష ఉంటాయి.

ఆ రెడ్డికి చెప్పు, ఇంటికి ఏమీ కాదని. వాడి నోట తద్దినం మంత్రమైనా మంగళంగానే ఉంటుంది.

ఈశ్వరమ్మ

---

ప్రొద్దుటూరు,
మార్చి 9.

వదినా,

ఉత్తరం ఆస్పత్రి నుంచి రాస్తున్నాను. కంగారు పడకండి, అని రాసేటప్పటికే మీరు కంగారు పడి ఉంటారని తెలుసు.

మీరు చెప్పినట్టే పాలు పోశాను, జావ పోశాను. పోసిన కొద్దీ మనిషి వాడిపోయారు. ఆదివారం వాంతులు పట్టుకున్నాయి. సోమవారం గుడికని వెళ్లి, సందు మొగలో నిలబడి, ఇంటికి ఎటు పోవాలని పూలమ్మే షాహీదాబీని అడిగారట. ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, "అమ్మా, అయ్యవారిని ప్రొద్దుటూరు పిలుచుకపోండి, ఆలీసం సేయొద్దండి," అంది. మా అబ్బాయి రవిశంకర్ ఆఫీసుకు సెలవు పెట్టి కారు మాట్లాడి తీసుకొచ్చాడు.

ఇక్కడ నీరజ అని హార్మోన్ల డాక్టరమ్మ ఉంది. చిన్నపిల్ల. మన ఇంటి పిల్ల శ్రీవిద్యకన్నా చిన్నది. రక్తం తీసి చూసి, కాల్షియం విపరీతంగా ఉందంది. తక్కువేమో చూడమ్మా అన్నాను. లేదండి, ఎక్కువే అంది. ఈ దాహం, మతిమరుపు, మలబద్ధకం, దిగులు అన్నీ దాని పనేనట.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. మెడలో కందిబేడలంత గ్రంథులు నాలుగు ఉంటాయట. రక్తంలో కాల్షియం తగ్గితే అవి ఒక హార్మోన్ వదులుతాయి, అది పోయి ఎముకల్లోంచి కాల్షియం తోడుకొస్తుంది. కాల్షియం పెరిగితే ఆ గ్రంథులు నోరు మూసుకోవాలి. ఈయనకు ఇంత పెరిగాక ఆ హార్మోన్ కనపడనే కూడదట. రిపోర్టులో మాత్రం దర్జాగా ఉంది. అంటే ఒక గ్రంథి చెడిపోయి మాట వినడం లేదేమో, అలాగైతే ఆపరేషన్ చేసి తీసెయ్యాలంది. గొంతు నరం ఆ పక్కనే ఉంటుందట. అరుదుగా గొంతు బొంగురుపోవచ్చు, చెప్పడం నా బాధ్యత అంది.

ఆ మాటకు మీ తమ్ముడు నా వైపు చూశారు. అంత చిన్నపిల్లాడి చూపు ఆయన మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

డాక్టరమ్మకు ఇంకో అనుమానం కూడా ఉంది. ఆ హార్మోన్ రక్తంలో ఎక్కువసేపు ఉండదట. నిమిషాల్లో కాలేయమూ మూత్రపిండాలూ కలిసి ఊడ్చేస్తాయి. పైగా కాల్షియం పెరిగినప్పుడు గ్రంథి కూడా హార్మోన్‌ని తన దగ్గరే ముక్కలు చేసి, ఎక్కువగా ఆ ముక్కల్నే బయటికి వదులుతుంది. ఆ పనికిరాని ముక్కల్ని ఊడ్చాల్సింది మూత్రపిండాలు. కాల్షియం దెబ్బకు ఈయన మూత్రపిండాలు మందగించాయి. ఊడ్చేవాళ్లు లేక ముక్కలు పేరుకుపోతే, కొన్ని పరీక్షలు వాటిని కూడా హార్మోన్ కిందే లెక్కేస్తాయట.

ఇక్కడికి మీ తమ్ముడు మంచం మీద లేచి కూర్చున్నారు.

"అంటే అమ్మా, పెరట్లో ఎంగిలాకులు లెక్కబెట్టి, లోపల బంతిలో ఇంతమంది తింటాండారు అని చెప్పినట్టు. ఆకులెత్తేవాడు రాకుంటే పెండ్లయిపోయినా ఆకులు ఆడనే పడుంటాయి కదా."

డాక్టరమ్మ ఫక్కున నవ్వింది. "ఈయనకు మతిమరుపని ఎవరన్నారు?" అని నన్నడిగింది. నాకు గర్వంగా తల ఎత్తుకోవాలనిపించింది. ఎత్తుకునేలోపే ఈయన, "ముహూర్తం ఎప్పుడన్నావమ్మా?" అని ఆమెనే అడిగారు.

తర్వాత అలవాట్ల గురించి అడిగింది. సిగరెట్టా అంటే శివ శివ అన్నారు. మందా అంటే హరి హరి అన్నారు. పానా అంటే, "బయట అంగట్లో వస్తువు నేను నోట బెట్టనమ్మా," అన్నారు. మడి మనిషి, నిజమేనని నేనూ తలూపాను. కాల్షియం బిళ్లలేమైనా వాడుతున్నారా అంటే లేదన్నారు. ఆయన తెలిసి ఏ బిళ్లా మింగలేదు గనక నేనూ లేదన్నాను.

సెలైన్ పెట్టి ముందు కాల్షియం దించుతారట. హార్మోన్ ముక్కల్ని లెక్కపెట్టని ఇంకో పరీక్ష ఉందట, దానికి రక్తం బయటి ఊరు పంపుతారట. ఈలోగా తిరుపతిలో సర్జన్ దగ్గర తేదీ తీసుకుని ఉంచమంది. ఏప్రిల్ ఆఖరికి ఇచ్చారు.

నిన్న సాయంత్రం ఆదినారాయణ రెడ్డి కొబ్బరిబోండాలు పట్టుకుని చూడ్డానికొచ్చాడు. ఆపరేషన్ మాట వినగానే, "సామి గొంతు కోస్తారంటనే! మరి మా ఇల్లు ఏం గావల్ల? కోసే ముందు ఒక్క పూట పంపించండమ్మా, నాలుగు మాటలు చెప్పించుకొని మళ్లా తెచ్చి ఈడనే ఇడుస్తా," అన్నాడు. నర్సు అతన్ని బయటికి పంపింది.

నాకు నవ్వొచ్చింది కానీ ఈయనకు రాలేదు. అందరూ వెళ్లాక, "గొంతు పోతే నేనేందే రాధా? ఊరికే ఒక ముసిలోణ్ణి," అన్నారు. గోడ వైపు తిరిగి, మెల్లగా, తనకు తానే పురుషసూక్తం మొదలుపెట్టి, మధ్యలో ఆగి, మళ్లీ మొదటికొచ్చారు. వదినా, నాకు భయంగా ఉంది.

రాధ

---

పులివెందుల,
మార్చి 14.

రాధా,

కత్తి పెట్టనివ్వకు. నేను వస్తున్నాను.

వాడి గొంతు మా నాయన గొంతు. మా నాయన పోయాక ఆ గొంతు వీడి నోట్లో దొరికింది మాకు. నా చెవుల సంగతి నీకు తెలుసు. పిల్లలు పదిహేను వేలు పోసి కొనిపెట్టిన మిషను ఈలలు వేస్తుంది తప్ప మాట వినిపించదు. ఈ చెవులకు మిషను లేకుండా వినపడే గొంతు లోకంలో అదొక్కటే. అది కూడా పోతే నేను పూర్తిగా చెవిటిదాన్నే అవుతాను.

ఎంగిలాకుల మాట వాడే అన్నాడా? చిన్నప్పుడు పెళ్లిళ్లలో నేనూ వాడూ కలిసి ఆకులు లెక్కపెట్టేవాళ్లం, నాయనకు దక్షిణ ఎంతొస్తుందో తెలుస్తుందని. ఎప్పుడూ తప్పే వచ్చేది.

బుధవారం పొద్దున బస్సుకి బయల్దేరతాను. నువ్వు ఇన్ని రోజులుగా ఆస్పత్రి బెంచీ మీద పడుకుంటున్నావు, ఇంటికెళ్లి నడుం వాల్చు. వాడి దగ్గర నేనుంటాను. ఆ కూడు తినలేక ఎంత చిక్కిపోయుంటాడో! వాడికి కావలసింది నేను తెస్తాను.

ఈశ్వరమ్మ

---

ప్రొద్దుటూరు,
మార్చి 27.

గౌరవనీయులైన శ్రీమతి ఈశ్వరమ్మ గారికి,

తమరు వచ్చి, వారం ఉండి, తమ్ముణ్ణి సేవించి వెళ్లినందుకు ధన్యవాదాలు. తమరు వెళ్లిన తర్వాత ఇక్కడ జరిగింది తమకు తెలియజేయడం నా ధర్మం.

తమరు రాకముందు సెలైన్లతో కాల్షియం దిగుతూ వచ్చింది. మనిషికి తెలివొచ్చింది. నన్ను మాట పూర్తి చేయనివ్వకపోవడం మళ్లీ మొదలైంది. తమరొచ్చాక దిగేది ఆగింది. తర్వాత ఎక్కడం మొదలైంది. సెలైన్ ఎక్కుతూనే ఉంది, కాల్షియమూ ఎక్కుతూనే ఉంది. డాక్టరమ్మ గోళ్లు కొరుక్కుంటూ తిరిగింది. గ్రంథే అయ్యుంటుంది, తిరుపతి తప్పదు అంది. నేను వేంకటేశ్వరస్వామికి తలనీలాలు మొక్కుకున్నాను. నా తలనీలాలు, వదినగారూ!

నిన్న పొద్దున ఆమె వచ్చి, "స్వామీ, నోరు తెరవండి," అంది. తెరిచారు. లోపల ఎర్రగా పండి ఉంది.

"ఏమిటిది?"

"తాంబూలమమ్మా," అన్నారు మీ తమ్ముడు, పాలు తాగే బిడ్డంత అమాయకంగా.

"పాన్ వేసుకోనన్నారుగా!"

"పాన్ యాడేసుకున్నానమ్మా? పాన్ అంగట్లో కొనేది. ఇది తాంబూలం. కార్యమయినాక గృహస్థు చేతిలో పెడతాడు. కాదనకూడదు. ఇది అలవాటు కాదు, మర్యాద."

డాక్టరమ్మ, "రోజుకు ఎన్ని మర్యాదలు జరుగుతాయి స్వామీ?" అని అడిగింది.

ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టారు. వేళ్లు చాల్లేదు. ముహూర్తాల రోజుల్లో ఇరవైకి పైనేనట. నాతో కాపురం చేస్తూ ఇరవై తాంబూలాలు నమిలే మనిషి భోజనమయ్యాక ఒక్కటే వేసుకుంటారనుకున్నాను. మిగతావి ఊళ్లల్లో.

ఆమె దిండు ఎత్తింది. దిండు కింద తడిగుడ్డలో ఆకులు, వక్కలు, తమ అత్తగారి నాటి వెండి సున్నపుకాయ. చీనీకాయల సంచి అడుగున, నేను విప్పి చూడక్కర్లేని గుడ్డలో, ఇన్నేళ్లూ ఏమొచ్చేదో అప్పుడు తెలిసింది. డాక్టరమ్మ మూత తీసి వాసన చూసింది.

"అది మా అక్క చేసిన సున్నమమ్మా," అన్నారు ఈయన, పేరంటంలో పట్టుచీర చూపించినట్టు. "సున్నం నీళ్లలో నానబెట్టి, దినామూ నీళ్లు మార్చి, ఆఖర్న మీగడా పచ్చకర్పూరమూ కలుపుతాది. అంగట్లో సున్నం రవ్వంత ఎక్కువయినా నోరు పొక్కుతాది. మా అక్క సున్నం ఎంత పెట్టుకున్నా పొక్కదు."

"ఎంత పెట్టుకుంటారు?"

ఈయన వేలితో తీసి చూపించారు. ఉసిరికాయంత.

ఆ పిల్ల మంచం మీద కూలబడింది. "స్వామీ, సున్నమంటేనే కాల్షియం," అంది.

ముప్పై ఏళ్లు ఏడో తరగతికి కాల్షియం పాఠం చెప్పారట తమరు. సున్నం ఏ తరగతిలో వస్తుందో తెలుసుకోగోరుతున్నాను.

ఇట్లు,
ఆర్. రాధమ్మ

---

పులివెందుల,
ఏప్రిల్ 3.

మహారాజశ్రీ ఆర్. రాధమ్మ గారికి,

సున్నం కూడా ఏడో తరగతిలోనే వస్తుంది. నాకు తెలుసు. సున్నపుతేట పాలలా తెల్లగా ఎలా మారుతుందో గొట్టంతో ఊది మరీ చూపించేదాన్ని. కానీ బడిలో పాఠం బడిలోనే ఉండేది, ఇంట్లో సున్నం ఇంట్లోనే ఉండేది. రెండూ ఒకటేనని ఒక్క పూట కూడా తోచలేదు. నీకు నవ్వుకోవాలని ఉంటే నవ్వుకో.

మీ అన్నయ్యగారు పోయాక నా చేతి సున్నం అడిగే మనిషి మీ ఆయనొక్కడే. "అక్కా, నీ సున్నం లేకపోతే ఆకు రుచే లేదే," అనేవాడు. ఆ ఒక్క మాట కోసం నెలనెలా చేసి పంపాను. నేను ఇంకా ఒకరికి అవసరమని అనిపించేది. వాడి ప్రాణం మీదికి తెస్తున్నానని తెలిస్తే నా చెయ్యి నేనే విరగ్గొట్టుకునేదాన్ని. నీ ఉత్తరం చదివిన రోజు నేను అన్నం తినలేదు.

మరుసటి రోజు తిన్నాను. తిన్నాక ఒక సంగతి గుర్తొచ్చింది.

ఆస్పత్రిలో వాడికి మజ్జిగ ఇస్తే గడగడా తాగి, "అక్కా, మా ఇంటి మజ్జిగకన్నా ఇదే బాగుందే. మా ఇంట్లో మజ్జిగ గోడ నాకినట్టుంటాది. చెబితే రాధ బాధపడతాదని చెప్పలేదు," అన్నాడు. నాకు అప్పుడు అర్థం కాలేదు. వాడికి పంచెలు కావాలని నువ్వే తాళాలిచ్చి నన్ను జమ్మలమడుగు పంపావు, జ్ఞాపకముందా? కాఫీ పెట్టుకుందామని వంటింట్లో వెతికాను. కందిబేడల డబ్బా వెనక మందుల అంగడి కవరు. కవరు నిండా కాల్షియం బిళ్లలు. పక్కనే చిన్న రోలు, అడుగున తెల్లపొడి. నాలుకకు రాసుకుని చూశాను. ఆ రుచి నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

నేను పాలు పట్టించమన్నాను తల్లీ, రోట్లో వేసి దంచి పట్టించమనలేదు. "ఆయన తెలిసి ఏ బిళ్లా మింగలేదు" అని రాశావే, ఆ 'తెలిసి' చదివినప్పుడే నేను ఆగవలసింది.

ఇప్పుడు మాత్రం తిట్టుకునే వేళ కాదు. నేను ఆకులో పెట్టాను, నువ్వు మజ్జిగలో పెట్టావు. నా మీదా నీ మీదా నమ్మకంతో ఆ వెర్రివాడు రెండూ మింగాడు. నువ్వు బిళ్లల సంగతి చెప్పలేదంటే, సున్నం మానేశాక కూడా కాల్షియం దిగలేదేమని ఆ పిల్ల మళ్లీ గ్రంథి మీదే అనుమానపడుతుంది. వాణ్ణి తిరుపతి పంపుతుంది. ఈ ఉత్తరం అందిన పూటే పోయి చెప్పు. నువ్వు చెప్పకపోతే నేనే చెబుతాను. ఫోనులో. నా గొంతుతో. ప్రొద్దుటూరంతా వినేటట్టు.

ఈశ్వరమ్మ

---

జమ్మలమడుగు,
మే 2.

ప్రియమైన వదినకు,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి ముందు కోపంతో చింపబోయాను. తర్వాత ఏడ్చాను. ఆ తర్వాత మొహం కడుక్కుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

అంతా చెప్పాను. మోకాళ్ల నొప్పులకు మంచిదని ఎవరో అంటే దంచి కలిపానని, ఇంటికి తీసుకొచ్చాక కూడా కలుపుతూనే ఉన్నానని చెప్పాను. మందంటే ఆయన ఆమడ దూరం పరిగెడతారు, అందుకని దాచానని చెప్పాను. ఆమె తల రెండు చేతులతో పట్టుకుంది. "ఇంకెవరైనా ఉన్నారామ్మా? పాలవాడు? పక్కింటివాళ్లు?" అని అడిగింది.

పక్కన కూర్చున్న ఈయన మెల్లగా సంచిలో చెయ్యి పెట్టి ఒక పొట్లం తీశారు. కడుపులో మంటకు అంగట్లో అమ్మే బిళ్లలు. "ఇవి మింగేటివి కాదమ్మా, చప్పరించేటివి. అందుకే చెప్పలేదు," అన్నారు. ఆమె పొట్లం తిప్పి చదివింది. అదీ కాల్షియమే!

అన్నీ మాన్పించింది. నీళ్లు బాగా తాగించమంది. ఇదిగో, పది పదిహేను రోజుల్లో మూత్రపిండాలు తేరుకున్నాయి. ఇంతలో బయటి ఊరు పంపిన పరీక్ష ఫలితం వచ్చింది. తాంబూలం పట్టుబడిన రోజే, కాల్షియం నెత్తికెక్కి ఉన్నప్పుడు తీసిన రక్తం అది. ముక్కల్ని వదిలేసి లెక్కపెడితే, అసలైన హార్మోన్ ఉందా లేదా అన్నంత ఉంది. డాక్టరమ్మ కాగితం ఊపుకుంటూ వచ్చి, "బంతిలో ఒక్కడూ లేడు స్వామీ, అన్నీ ఎంగిలాకులే!" అంది. గ్రంథులు బుద్ధిగా నోరు మూసుకునే ఉన్నాయి పాపం. బుద్ధిలేనిది మనకే. తిరుపతి సర్జన్ తేదీ రద్దు చేయించాం. తిరుపతికి నేను మాత్రం వెళ్లాలి. మొక్కు మొక్కే కదా.

సున్నం, వక్క జన్మలో ముట్టుకోకూడదని, మోకాళ్లకు తనను అడక్కుండా ఏమీ వాడొద్దని చెప్పింది.

నిన్న పెద్దముడియం వెళ్లాం. ఆదినారాయణ రెడ్డి తాళం తీశాడు. రమణమ్మ మాత్రం గడప బయటే నిలబడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఈయన జంధ్యం వైపే చూస్తోంది, ఏ భుజం మీద ఉందా అని. ఈయన ఆచమనం చేసి గొంతెత్తారు. వదినా, ఏం చెప్పను! మూడు నెలలుగా ఆ గొంతు ఎక్కడికెళ్లిందో, ఎలా తిరిగొచ్చిందో. పుణ్యాహవాచనం ఒక్క అక్షరం తడబడలేదు. కొత్త ఇల్లు కదా, సామాన్లు లేవు, గోడలన్నీ మోగాయి. నాకేం తోచిందో, ఫోను తీసి మీకు కలిపి ఆయన ముందు పెట్టాను. మీరు ఎత్తారని తెలిసింది కానీ ఒక్క మాట మాట్లాడలేదు. మీరు ఫోనులో అంతసేపు ఊరుకోవడం నేనెన్నడూ ఎరగను.

రమణమ్మ గడప లోపలికొచ్చి మళ్లీ పాలు పెట్టింది. అందరూ దగ్గరుండి చూశారు పొంగేదాకా.

అంతా అయ్యాక ఆదినారాయణ రెడ్డి పళ్లెంలో తాంబూలం తెచ్చి ఈయన చేతిలో పెట్టాడు. ఆకులు, వక్క, పైన సున్నం. ఈయన కాదనలేదు. కళ్లకద్దుకున్నారు. వక్క తీసి పళ్లెంలో పెట్టారు. సున్నం వేలితో తీసి, అటూ ఇటూ చూసి, పక్క గోడకు రాసి, "దీని స్థానం ఇది రెడ్డీ," అన్నారు.

"అయ్యో సామీ, మొన్ననే కదా పెయింటు ఏయించినాం!" అని ఆయన మొత్తుకున్నాడు. రమణమ్మ మాత్రం, "తుడవాకు, ఉండనీ. ఆ సామి చేత్తో రాసినాడు," అని ఆ చోట ఇంత పసుపు కూడా పెట్టింది.

మీ మరదలు,
రాధ

---

పులివెందుల,
మే 11.

చి. సౌ. రాధకు, ఆశీస్సులు.

మిషను తీసి పక్కన పెట్టి విన్నాను. ప్రతి అక్షరమూ వినపడింది. నీకు మాట ఎందుకు చెప్పలేదంటే ఏడుస్తున్నాను గనక. నా ఏడుపు మీ వీధికి వినపడటం నాకిష్టం లేదు.

తిరుపతికి నువ్వొక్కదానివే వెళ్లకు. ఈ పాపంలో నా వాటా నీకన్నా పెద్దది. మూడు కత్తెర్లు నేనూ ఇస్తాను.

ఈ బస్సులో చీనీకాయల సంచి పంపుతున్నాను. అడుగున గుడ్డలో కట్టింది ఈసారి వాడికి కాదు, నీకు. విప్పి చూడు. నువ్వు తిప్పి పంపిన మా అత్తగారి సున్నపుకాయే. చింతపండుతో తోమి, వేడినీళ్లతో కడిగి, మళ్లీ కడిగి, మూడు రోజులు ఎండలో పెట్టాను. సున్నం వాసన పోయింది. అందులో కుంకుమ పోశాను. మంచి పసుపుకొమ్ములు తెప్పించి ఇంట్లోనే చేశాను. అది కూడా నా చేతి పనే, కానీ నోట్లోకి పోయేది కాదు. రోజూ పొద్దున నీ నుదుట పెట్టుకో. ఎంత పెట్టుకున్నా పొక్కదు.

మజ్జిగలో ఉప్పు తప్ప ఏమీ కలపకు.

ఈశ్వరమ్మ